జొన్న రొట్టె – మరువరాని చేతి విద్య

పథ్యం కుదరనిదే ఔషధం పూర్ణఫలం ఇవ్వదని మా గురువుగారు నిత్యం హెచ్చరించేవారు. నలభై ఏళ్లుగా నేనూ రోగులకు అదే చెబుతున్నాను. అయితే పథ్యం చెప్పడం వేరు, అది వంటింట్లో సాధ్యమయ్యేటట్లు చూడటం వేరు అనే సంగతి నాకు ఆలస్యంగా బోధపడింది.

కొన్నేళ్ల క్రితం కరీంనగర్‌లో ఒక తల్లి తన ఎనిమిదేళ్ల కుమారుణ్ణి నా వద్దకు తీసుకొని వచ్చింది. కడుపు ఉబ్బరం, మాటిమాటికీ విరేచనాలు, వయసుకు తగిన ఎదుగుదల లేకపోవడం ఆ బాలుని బాధలు. అప్పటికే ఆసుపత్రిలో పరీక్షలు చేసి సీలియాక్ వ్యాధి అని నిర్ధారించారు. గోధుమ, బార్లీలలో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు ఇట్టివారి చిన్నప్రేగులకు హాని చేస్తుంది. వాటిని జీవితాంతం విడిచిపెట్టడమే మార్గం. జొన్నలో గ్లూటెన్ లేదు. కనుక "గోధుమ పూర్తిగా మానిపించి, జొన్న రొట్టె పెట్టండి" అని నేనూ చెప్పి పంపాను.

రెండు నెలలు గడిచినా గుణం కనిపించలేదు. ఇంట్లో చేసిన రొట్టెనే ఒకటి తెమ్మన్నాను. తుంచబోతే సాగింది. ఉత్త జొన్న రొట్టె సాగదు, విరుగుతుంది.

"అమ్మా, పిండిలో ఏమి కలిపావు?" అని అడిగాను.

"ఉత్త జొన్నపిండి అయితే చేతిలోనే విరిగిపోతున్నది అయ్యగారూ. అందుకని గుప్పెడు గోధుమపిండి కలుపుతున్నాను. గుప్పెడే గదా అనుకున్నాను" అన్నది.

తప్పు ఆ తల్లిది కాదు. రొట్టె పేరు చెప్పి, చేసే విధం చెప్పని నాది.

చేయి ఎందుకు మరచింది?

నేను ధర్మపురి ప్రాంతంలో గురువుగారి ఇంట విద్య నేర్చిన రోజుల్లో చుట్టుపక్కల మెట్ట పల్లెల్లో పగలు జొన్న గటక, రాత్రి జొన్న రొట్టె సామాన్య భోజనం. ఆడపిల్లకు రొట్టె చేయడం ప్రత్యేకంగా నేర్పవలసిన పని ఉండేది కాదు. తల్లి పక్కన కూర్చుంటే అదే వచ్చేది. 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీరాంసాగర్ ప్రాజెక్టు కాలువలు వచ్చాక మాగాణి పెరిగింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం ఇంటింటికీ చేరింది. వరి అన్నాన్ని నిందించడం నా ఉద్దేశం కాదు. అది ఎన్నో ఇళ్ల ఆకలి తీర్చింది. కాని కంచం మారిన కొద్దీ చేయి మరచింది.

ఆదిలాబాద్ నల్లరేగడి నేలల్లో జొన్న ఇంకా నిలిచి ఉన్నది. గోండు గూడేల్లో, పెన్‌గంగ ఒడ్డున మరాఠీ మాట్లాడే ఇళ్లలో, తెలుగువారి ఇళ్లలో ఇదే రొట్టె. మరాఠీలో దీనిని భాకరి అంటారు. అదృష్టవశాత్తు ఆ బాలుని ఇంటి పక్కనే ఆదిలాబాద్ నుండి వచ్చిన ఒక మరాఠీ వృద్ధురాలు ఉన్నారు. ఆమెకు తెలుగు అంతంత మాత్రం. అయినా మూడు సాయంత్రాలు ఆ తల్లి చేతులు పట్టుకొని రొట్టె తట్టించారు. నాలుగవనాడు గోధుమ లేకుండానే రొట్టె పొంగింది. కొద్ది నెలల్లో విరేచనాలు కట్టి, బాలుడు బరువు పెరిగాడు. ఇప్పటికీ ఆమెను "ఆజీ" అనే పిలుస్తాడు.

జొన్న పుట్టిల్లు ఈశాన్య ఆఫ్రికా. సూడాన్ దేశంలో జొన్నపిండిని పులియబెట్టి, పలుచగా పరచి "కిస్రా" అనే రొట్టె చేస్తారు. సాగే గుణం లేని పిండిని నిలబెట్టడానికి వారికి పులుపు ఉపాయమైతే, మనకు వేడినీరు ఉపాయం.

తయారుచేయు విధానము

రెండు కప్పుల జొన్నపిండికి సుమారు ఒకటిన్నర నుండి రెండు కప్పుల నీరు తీసుకొని, చిటికెడు ఉప్పు వేసి మరిగించవలెను. ఆ నీటిని పిండిలో కొద్దికొద్దిగా పోస్తూ గరిటెతో కలిపి, ఐదు నిమిషాలు మూత పెట్టవలెను. వేడికి పిండిలోని గంజి పదార్థం ఉడికి జిగురు పట్టుతుంది. ఇదే రహస్యం. చేయి ఓర్చుకునే వేడి ఉండగానే అరచేతి మడమతో బాగుగా పిసికి, ఒక్కొక్క ముద్దను పొడిపిండి చల్లిన పీటపై గుండ్రంగా తట్టవలెను. కాగిన పెంకపై వేసి, పైభాగాన తడిచేతితో నీరు రాయవలెను. తడి ఆరగానే తిప్పి కాల్చి, చివరకు నిప్పుల మీద పొంగించవలెను.

పిండి తాజాగా ఉండవలెను. పాతబడితే అంచులు చీలుతాయి, చేదెక్కుతుంది. సీలియాక్ రోగులున్న ఇంట జొన్నలు ఇంట్లోనే విసురుకొనుట మేలు. గోధుమ ఆడిన గిర్నీలో ఆడిస్తే ఆ పిండి ఇందులో కలుస్తుంది.

గుణములు, జాగ్రత్తలు

నిఘంటువులు జొన్నను యావనాలమని పేర్కొని, మధుర కషాయ రసాలు, శీత గుణం, లఘుత్వం, రూక్షత్వం కలదనీ, కఫపిత్తాలను తగ్గిస్తుందనీ చెప్పాయి. రూక్షం గనుక వాత ప్రకృతి వారు, మలబద్ధకం గలవారు నేతితోనో నువ్వుల నూనెతోనో, ఆకుకూరతోనో తినవలెను.

మధుమేహం గలవారికి ఇందులోని పీచు మంచిదే. కాని జొన్న కూడా పిండిపదార్థమే. మితం పాటించవలెను. మందులు సొంతంగా మానరాదు.

సీలియాక్ అనుమానం ఉన్నవారు పరీక్ష పూర్తికాకముందే గోధుమ మానరాదు. మానితే పరీక్షలో వ్యాధి బయటపడకపోవచ్చు.

2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. నేడు జొన్నపిండి ప్రతి అంగడిలో దొరుకుతున్నది. రొట్టె తట్టే చేయి అంగడిలో దొరకదు. మీ ఇంట, మీ వీధిలో ఆ విద్య తెలిసిన పెద్దవారు, వారి భాష ఏదైనా సరే, ఉంటే ఈ వారమే వెళ్లి వారి పక్కన కూర్చోండి. మీ కొడుకులను కూడా కూర్చోబెట్టండి.