కిస్తు కాదు తమ్మీ, నెల లెక్క చూడు

పండుగలు దగ్గరికొస్తే షోరూముల ముంగట ఫ్లెక్సీలు లేస్తయి. "పదివేలు కట్టు, బండి తీస్కపో" అని పెద్దక్షరాలల్ల రాసి ఉంటది. ఎన్ని నెలలు కట్టాలె, మొత్తం ఎంతయితది అన్నది మాత్రం కింద చీమలంత అక్షరాలల్ల ఉంటది. కొత్తగ కొలువుల చేరిన పిల్లలు నన్ను అడుగుతుంటరు: "అన్నా, బండి తీస్కోవాల్నా, వద్దా?" ఏ కంపెనీ బండి మంచిదని కాదు, అసలు తీస్కోవాల్నా అని. అడగాల్సిన ప్రశ్న గదే. దానికి జవాబు ఇంజిన్‌ల లేదు. నీ జీతంల ఉంది, మీ ఊరి బస్సుల ఉంది.

ముందుగాల ఒక మాట. బండి అంటే పోరగాండ్ల సోకు అని తీసిపారేసేటోళ్లతోని నేను కలువ. దొర గడి ముంగట సైకిల్ దిగి, చెప్పులు చేతవట్టుకొని నడిచిన ముచ్చట్లు మన తాతలు చెప్పిండ్రు. ఆ ఇండ్లల్ల పుట్టిన పిల్లగాడు అదే తొవ్వల బండి మీద పోవుడు చిన్న సంగతి కాదు. అర్ధరాత్రి అమ్మకు దమ్మొస్తే దవాఖానకు తీస్కపోయేది గూడ గా బండే. అందుకే ఇజ్జత్ గురించి నేను వాదన పెట్ట. లెక్క గురించి పెడత.

నెలకు ఎంత తింటది?

చౌటుప్పల్ దిక్కో, జడ్చర్ల దిక్కో ఒక కంపెనీల పని అనుకుందాం. ఊరి నుంచి 25 కిలోమీటర్లు, పోనురాను 50. నెలకు 26 రోజులు పోతే 1,300 కిలోమీటర్లు. చేతికి వచ్చే జీతం 14 వేలు.

100 సీసీ బండి అన్ని ఖర్చులు కలిసి రోడ్డెక్కేసరికి 95 వేలు అనుకో. 15 వేలు చేతి నుంచి కడితే 80 వేలు ఫైనాన్స్. "వడ్డీ పది శాతమే అన్నా" అంటడు అక్కడ కూసున్నాయన. 80 వేలకు ఏడాదికి 8 వేలు, మూడేండ్లకు 24 వేలు. మొత్తం 1,04,000. దాన్ని 36 కిస్తులు చేస్తే ఒక్కోటి 2,889 రూపాయలు.

ఇగ పెట్రోలు. కంపెనీ చెప్పే మైలేజీని పక్కకు పెట్టు. గుంతల తొవ్వ, ఎనుక ఒక దోస్తు, అన్నీ చూస్కొని లీటరుకు 55 అనుకో. 1,300 కిలోమీటర్లకు 23 లీటర్ల మీద పడతది. లీటరు 107 రూపాయల లెక్కన దగ్గర దగ్గర 2,530. ఆయిలు మార్చుడు, బ్రేకులు, టైర్లు, చైన్‌సెట్, ఇన్సూరెన్సు... ఇవి నెలనెలా రావు, వచ్చిననాడు ఒక్కసారే వస్తయి. వాటికి నెలకు 500 తీసిపెట్టాలె.

మొత్తం 5,919. ఆరు వేలు అనుకో. కిలోమీటరుకు నాలుగున్నర రూపాయల పైన పడ్డది. 14 వేల జీతంల ఆరు వేలు పనికి పోయి వచ్చుటానికే పోతే ఇంటికి చేరేది ఎనిమిది వేలు. షోరూంల నీకు చూపెట్టేది 2,889 ఒక్కటే. మిగిలిన సగం బంకు కాడ, మెకానిక్ షాపు కాడ కనపడతది.

2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాకా బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. నిజమే, ధర కొంత దిగింది. కానీ దాంతోని పెట్రోలు ధర తగ్గలే, నీ ఊరికీ కంపెనీకీ నడుమ దూరం గూడ తగ్గలే.

పది శాతం అంటే రూపాయిన్నర వడ్డీ

ఆ "పది శాతం" ముచ్చట జర ఇడమర్చి చెప్త. దాన్ని ఫ్లాట్ రేటు అంటరు. కిస్తు కట్టినకొద్దీ నీ అసలు తగ్గుతుంటది. రెండేండ్లు దాటినంక నీ మీద మిగిలేది ఎనుకటి అప్పుల సగం గూడ ఉండదు. కానీ వడ్డీ మాత్రం చివరి నెల దాకా 80 వేల మీదనే వేస్తరు. తగ్గుతున్న అసలు మీద లెక్క కడితే అది ఏడాదికి దాదాపు 18 శాతం. మన ఊరి భాషల చెప్పాల్నంటే నూటికి రూపాయిన్నర. ఊర్ల షావుకారి రూపాయిన్నర అంటే బేరమాడే మనం, ఏసీ గదిల పది శాతం అంటే తల ఊపుతం.

దీనికి ఒక మందు ఉంది. 2024 అక్టోబర్ 1 నుంచి బ్యాంకయినా, ఫైనాన్స్ కంపెనీ అయినా ఇసొంటి అప్పు ఇచ్చే ముందు "కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్" అనే కాయితం ఇయ్యాలని రిజర్వు బ్యాంకు రూలు పెట్టింది. అండ్ల ఏపీఆర్ అని ఒక అంకె ఉంటది. వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు, మిగతా ఖర్చులు అన్నీ కలిపిన అసలు రేటు గదే. నీకు అర్థమయ్యే భాషల ఇయ్యాలని గూడ ఆ రూల్ల ఉంది. సంతకం పెట్టకముందు ఆ కాయితం అడుగు, రెండు చోట్ల ఏపీఆర్ పోల్చు. కాయితం ఇయ్యనోని కాడ అప్పు తీస్కోకు.

బండి ఎవరి పేరు మీద?

మన దిక్కు బాపు పేరు మీద బండి తీస్తరు, కొడుకు నడుపుతడు. కొలువు కొత్తది, అప్పు బాపు పేరు మీదనే పుడతది కాబట్టి గట్ల చేస్తరు. దీంట్ల ఒక చిక్కు ఉంది.

కొత్త బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఐదేండ్లది ఒక్కసారే కట్టాలె. సుప్రీంకోర్టు చెప్పినంక 2018 సెప్టెంబర్ నుంచి గిట్లనే నడుస్తుంది. కానీ థర్డ్ పార్టీ అంటే నీ బండి తాకి ఎదుటోళ్లకు ఏమన్నయితే వాళ్లకు వచ్చేది. నడిపే నీకు కాదు. నడిపేటోని కోసం ఉండేది ఓనర్-డ్రైవర్ పర్సనల్ యాక్సిడెంట్ కవర్, 15 లక్షలది. అది ఆర్సీల ఎవరి పేరు ఉంటదో వాళ్లకే వర్తిస్తది, అదీ లైసెన్సు ఉంటేనే. బాపు పేరు మీద బండి ఉండి కొడుకు పడిపోతే ఆ పైసలు రావు. కాబట్టి నడిపేటోని పేరు మీదనే బండి ఉండాలె, కొనే ముందే లైసెన్సు ఉండాలె. ఎల్ఎల్ఆర్ తీసినంక నెల రోజులు ఆగితేనే టెస్టుకు పోవచ్చు. అంటే తయారీ ముందు నుంచే మొదలుపెట్టాలె. ఆ 15 లక్షల కవరు ఎన్నేండ్లకు రాసిండ్రో గూడ చూడు.

సెకండ్ హ్యాండ్ తీస్కున్నా ఇదే మాట. పాత ఓనరు మీద ఫైనాన్స్ ఉంటే ఎన్ఓసీ లేకుండ పైసలు ఇయ్యకు. ఆర్సీ నీ పేరు మీదికి 30 రోజులల్ల మార్పించుకో. నువ్వు అమ్మినా అంతే: ఆర్సీల ఎవరి పేరుంటే యాక్సిడెంట్ నష్టపరిహారం బాధ్యత వాళ్లదే అని 2018ల సుప్రీంకోర్టు తేల్చింది. స్టాంపు కాయితం మీద సంతకాలు పెట్టుకుంటే బండి చేతులు మారుతది గానీ బాధ్యత మారదు.

హెల్మెట్ గురించి ఉపన్యాసం చెప్ప, ఒక్క లెక్క చెప్త. కేంద్ర రోడ్డు రవాణా శాఖ చెప్పిందాని ప్రకారం 2022ల దేశంల రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయిండ్రు. అండ్ల 74,897 మంది టూవీలర్ల మీద పోయేటోళ్లు. హెల్మెట్ లేకుండ పోయినోళ్లు 50,029. కొత్త బండి తోని హెల్మెట్ ఇయ్యాలని కేంద్ర మోటారు వాహనాల రూల్స్‌లనే ఉంది. షోరూంల అడిగి తీస్కో.

కొలువు పోతే కిస్తు పోదు

అసలు భయం ఇక్కడ ఉంది. బండి అప్పు మూడేండ్లది. మన పిల్లల కొలువులు చాలామటుకు కాంట్రాక్టుయి, ఎన్ని నెలలు ఉంటయో ఎవరికీ తెల్వదు. నాలుగో నెల "రేపటి నుంచి రావద్దు" అంటే ఇంకా 32 కిస్తులు మిగులుతయి. ఆ భయంతోనే ఓటీ పైసలు ఇయ్యకున్నా, సూపర్‌వైజర్ తిట్టినా నోరు మూస్కొని పని చేసేటోళ్లను నేను చూసిన. స్వేచ్ఛ కోసం కొన్న బండి మెడకు పలుపుతాడు అయితది.

కిస్తు తప్పితే బండి ఊరికే గుంజుకపోవచ్చని గూడ అనుకోకు. గూండాలను పెట్టి బండ్లు గుంజుకునుడు కుదరదని 2007ల సుప్రీంకోర్టు చెప్పింది. పొద్దున 8 కంటే ముందు, రాత్రి 7 తర్వాత వసూలు కోసం ఫోన్లు చెయ్యొద్దని 2022ల రిజర్వు బ్యాంకు చెప్పింది. బెదిరిస్తే ముందు ఆ కంపెనీకే రాసి ఫిర్యాదు ఇయ్యి. 30 రోజులల్ల జవాబు రాకుంటే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి పోవచ్చు. 14448కు ఫోన్ చేస్తే ఎట్ల పోవాల్నో చెప్తరు.

మరి తీస్కోవాల్నా, వద్దా?

నేను చెప్పే పరీక్ష ఒక్కటే. బండి కొనకముందే మూడు నెలలు బండి ఖర్చు భరించి చూడు. పైన లెక్క ప్రకారం ఆరు వేలు అయితదంటే, ఇప్పుడు ఆటోకు, బస్సుకు రెండు వేలు పోతున్నయనుకో, మిగతా నాలుగు వేలు జీతం వచ్చిననాడే పక్కకు పెట్టు. మూడు నెలలు ఇల్లు నడిచి, ఆ పైసలు ముట్టకుండ ఉన్నవా? తీస్కో. చేతిల 12 వేలు గూడ జమైతయి, అప్పు గంత తగ్గుతది. రెండో నెలనే అండ్లకెళ్లి తీసినవా? అయితే ఇప్పుడు కాదు. ఇద్దరు దోస్తులు ఒక్క షిఫ్టు అయితే ఒక్క బండి పెట్రోలు పంచుకోండ్రి. కంపెనీ దగ్గర నలుగురు కలిసి రూం తీస్కుంటే ఒక్కొక్కరికి ఎంత పడతదో అది గూడ లెక్కల పెట్టండ్రి.

ఇంకొక్క సంగతి. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణల ఆడోళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులల్ల టికెట్ లేదు. ఒక్క ఇంట్ల చెల్లె బస్సెక్కి పైస లేకుండ పనికి పోతుంటే, అన్న ఆరు వేలు పెట్టి పోతుండు. షిఫ్టు టైముకు బస్సు ఉంటే ఆ అన్న గూడ నెల పాసుతోని పోతుండె. రాత్రి పది గంటలకు షిఫ్టు ఇడిస్తే, ఊరికి చివరి బస్సు ఎనిమిదింటికే పోతే, ఆ రెండు గంటల తేడా ఖరీదు ఎవరు కడుతున్నరు? కంపెనీ కడతలేదు, సర్కారు కడతలేదు. నీ జీతంలకెళ్లి నువ్వు కడుతున్నవు.

అందుకే కొనేటోళ్లు కొనండ్రి, కానీ అడుగుడు ఆపకండ్రి. మీ దిక్కు నాలుగూర్ల నుంచి ఒకే షిఫ్టుకు పోయేటోళ్లు ఎంతమంది ఉన్నరో పేర్లు రాయండ్రి. ఆ లిస్టుతోని డిపో మేనేజర్‌కు ఒక దరఖాస్తు, కంపెనీ హెచ్ఆర్‌కు ఒక దరఖాస్తు పెట్టండ్రి. షిఫ్టు టైముకు బస్సు కావాలని గ్రామసభల తీర్మానం చేపియ్యండ్రి. బస్సు వస్తే బండి ఇంటి ముంగట నిలవడి ఉంటది, దవాఖానకు, జాతరకు తీస్తవు. అప్పుడు అది నిజంగ నీ బండి అయితది.