మీకు తెలుసా? ఈ-రీడర్ కొనేముందు చూడాల్సినవి

ఈ-రీడర్ కొందామనుకోగానే ధర ఎంత, తెర ఎన్ని అంగుళాలు అని ఆరా తీస్తాం. అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: మనం చదవబోయే పుస్తకాలు ఎక్కడినుంచి వస్తాయి? కొంటామా, లైబ్రరీ నుంచి అరువు తెచ్చుకుంటామా, ఉచితంగా దొరికేవి దించుకుంటామా? దాన్నిబట్టి కొనాల్సిన పరికరం మారిపోతుంది. ఈసారి ముచ్చట్లన్నీ ఆ లెక్క చుట్టూనే.

తెర లోపల రంగుపొడి

ఈ-రీడర్‌లో కనిపించే అక్షరం ఫోనులోలా వెలుగుచుక్కలతో ఏర్పడింది కాదు, రంగుపొడితో దిద్దింది. తెరనిండా తలవెంట్రుక మందం ఉండే లక్షల గుళికలుంటాయి. ఒక్కో గుళికలో కాస్త ద్రవం, అందులో తేలే తెల్ల రేణువులు, నల్ల రేణువులు. రెండింటిలో ఒకదానికి ధనావేశం, రెండోదానికి రుణావేశం. కింద నుంచి కొద్దిపాటి వోల్టేజీ తగిలితే ఒక రంగు పైకి తేలుతుంది, రెండోది అడుక్కి దిగుతుంది. అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో జోసెఫ్ జేకబ్సన్, ఇద్దరు డిగ్రీ విద్యార్థులు బారెట్ కమిస్కీ, జె.డి. ఆల్బర్ట్ కలిసి దీన్ని సాధించారు. 1997లో ‘ఈ ఇంక్’ కంపెనీ పుట్టింది. 2009లో దాన్ని ఒక తైవాన్ సంస్థ కొనుక్కుంది. కిండిల్, కోబో ఈ-రీడర్లలో ఉండేవి ఈ తెరలే.

చార్జింగ్ అయిపోయినా బొమ్మ చెరగదు

పైకి వచ్చిన రేణువులు మళ్ళీ వోల్టేజీ తగిలేదాకా అక్కడే ఉంటాయి. అందుకే పేజీ అలాగే నిలబడి ఉండటానికి కరెంటు అక్కర్లేదు, పేజీ మారేటప్పుడే కావాలి. బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయినా తెరమీది బొమ్మ కనిపిస్తూనే ఉంటుంది. ఫోనుకు రోజూ చార్జింగ్ పెట్టాల్సి వచ్చినా ఈ-రీడర్ వారాల తరబడి నడవడంలోని కిటుకు ఇదే. వైఫై కట్టేసి, లైటు తగ్గించి వాడితే ఇంకా ఎక్కువ రోజులొస్తుంది.

లైటు తెర వెనక ఉండదు

ఫోను తెర నుంచి వెలుగు సూటిగా కంట్లో పడుతుంది. ఈ-రీడర్‌లో చిన్న ఎల్‌ఈడీలు తెర అంచున ఉంటాయి. వాటి వెలుగు పేజీ మీద పరుచుకుని, అక్కడినుంచి మన కంటికి చేరుతుంది. ఎండలో కూర్చుంటే ఆ లైటూ అక్కర్లేదు, ఎండ ఎంత ఉంటే అక్షరం అంత స్పష్టం. ఇలా లైటున్న ఈ-రీడర్లు 2012 నుంచి బజారులో ఎక్కువయ్యాయి. ఎవరైనా పాత పరికరం చవగ్గా ఇస్తామంటే ముందు లైటు ఉందో లేదో చూడండి. లేకపోతే రాత్రిపూట చదువు సాగదు.

మొట్టమొదటిదాంట్లోనే అద్దె పుస్తకాలు

ఈ ఇంక్ తెరతో అమ్మకానికి వచ్చిన తొలి ఈ-రీడర్ కిండిల్ కాదు, సోనీ కంపెనీ 2004లో జపాన్‌లో విడుదల చేసిన లిబ్రియే. అందులోకి దించుకున్న పుస్తకం 60 రోజుల తర్వాత తెరుచుకునేది కాదు. డబ్బిచ్చినా దక్కేది అద్దె పుస్తకమే. జనానికి అది నచ్చలేదు, పరికరమూ నిలబడలేదు. 2007 నవంబరు 19న అమెజాన్ తెచ్చిన తొలి కిండిల్ మాత్రం 399 డాలర్ల ధర పెట్టినా అయిదున్నర గంటల్లో అమ్ముడైపోయింది. వైర్లు, కంప్యూటర్ల ప్రమేయం లేకుండా పుస్తకం నేరుగా చేతిలోకి రావడమే అందులోని ఆకర్షణ.

కిండిల్‌కి లైబ్రరీ అరువు అమెరికాలోనే

కిండిల్‌లోకి లైబ్రరీ పుస్తకం తెచ్చుకునే సదుపాయం 2011 సెప్టెంబరులో మొదలైంది. అప్పుడే 11 వేలకు పైగా అమెరికా లైబ్రరీలు అందులో చేరాయి. ఇప్పటికీ అది అమెరికా లైబ్రరీల వరకే. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటున్న మనవాళ్ళు ఊళ్ళో చిరునామా రుజువు చూపించి పబ్లిక్ లైబ్రరీ కార్డు ఉచితంగా తీసుకుంటే చాలు. లండన్‌లో, టొరంటోలో, మెల్‌బోర్న్‌లో ఉన్నవాళ్ళకు ఆ వీలు లేదు. అక్కడ లైబ్రరీ అరువు కోసమని కిండిల్ కొంటే చిక్కే.

అరువు తీసుకోవడం ఇలా

ఫోనులో లైబ్రరీ పుస్తకాలు అరువిచ్చే లిబ్బీ యాప్ తెరిచి, మీ లైబ్రరీని వెతికి, కార్డు నంబరు, పిన్ ఇవ్వాలి. పుస్తకం ఖాళీగా ఉంటే అరువు మీట నొక్కగానే మీ అరలో చేరుతుంది. అక్కడ ‘కిండిల్‌లో చదువుతాను’ అని ఎంచుకుంటే అమెజాన్ పేజీ తెరుచుకుంటుంది. మీ కిండిల్ పేరు చూపించి సరేనంటే, వైఫై ఉన్న కిండిల్‌లోకి పుస్తకం వచ్చేస్తుంది. మీరు గీసుకున్న గీతలు, రాసుకున్న నోట్సు గడువు తీరాక కూడా మీ ఖాతాలో భద్రంగా ఉంటాయి, మళ్ళీ అరువు తెచ్చినప్పుడు కనిపిస్తాయి. కొన్ని పుస్తకాలకు, పత్రికలకు మాత్రం కిండిల్ వీలు ఉండదు, వాటిని లిబ్బీలోనే చదువుకోవాలి.

కోబోలో లైబ్రరీ లోపలే ఉంటుంది

లిబ్బీ వెనకున్న సంస్థ ఓవర్‌డ్రైవ్. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో 1986లో మొదలైంది. కెనడాలో పుట్టిన కోబోను, తర్వాత ఓవర్‌డ్రైవ్‌ను కూడా జపాన్ కంపెనీ రకుటెన్ కొనేసింది. ఆ చుట్టరికం వల్ల చాలా కోబో పరికరాల్లో ఓవర్‌డ్రైవ్ అమర్చే ఉంటుంది. కార్డు వివరాలు ఒకసారి ఇస్తే ఫోను అవసరం లేకుండా పుస్తకం వెతకడం, అరువు తీసుకోవడం, తిరిగివ్వడం అన్నీ ఆ పరికరంలోనే. 2020లో ఓవర్‌డ్రైవ్ చేతులు మారినా ఈ సదుపాయం ఆగలేదు. వేరే యాప్‌లు వాడే కొన్ని లైబ్రరీల పుస్తకాలను కూడా అడోబీ డిజిటల్ ఎడిషన్స్ అనే కంప్యూటర్ ప్రోగ్రాం ద్వారా కోబోలోకి, పాకెట్‌బుక్ అనే ఈ-రీడర్‌లోకి ఎక్కించవచ్చు. కిండిల్ వాటిని ఒప్పుకోదు.

ఈ-పుస్తకానికీ క్యూ ఉంటుంది

ఫైలే కదా, ఒకేసారి వందమందికి ఇవ్వచ్చు కదా అనిపిస్తుంది. చాలా పుస్తకాలకు అది కుదరదు. లైబ్రరీ ఒక లైసెన్సు కొంటే ఒక సమయంలో ఒకరికే అరువు. మీ ముందు పదిమంది ఉంటే పదిమందీ చదివాకే మీ వంతు. గడువు సాధారణంగా 7, 14 లేక 21 రోజులు. గడువు తీరగానే పుస్తకం తనంతట తానే వెనక్కి వెళ్ళిపోతుంది. జరిమానా కట్టే పని ఎప్పటికీ రాదు. ముందే చదవడం పూర్తయితే ముందే తిరిగివ్వండి, వెనకున్నవాళ్ళ వంతు తొందరగా వస్తుంది.

26 మంది చదివితే అరిగిపోయినట్టే

అచ్చుపుస్తకం కొన్న లైబ్రరీ అట్టలు ఊడేదాకా, ఊడితే బైండు చేయించి మళ్ళీ అరువిస్తుంది. ఈ-పుస్తకం అలా సొంతం కాదు. 2011లో హార్పర్‌కాలిన్స్ అనే ప్రచురణ సంస్థ ఒక నియమం పెట్టింది: 26 సార్లు అరువిచ్చాక లైసెన్సు చెల్లదు, మళ్ళీ కొనాలి. రెండేసి వారాల చొప్పున లెక్కిస్తే అది ఏడాది ఆయుష్షు. కొందరు ప్రచురణకర్తలు రెండేళ్ళ గడువుతో ఇస్తారు. 2019లో మాక్‌మిలన్ ఇంకాస్త ముందుకెళ్ళి, కొత్త పుస్తకం వచ్చిన మొదటి 8 వారాలు ఎంత పెద్ద లైబ్రరీ వ్యవస్థకైనా ఒక్క కాపీయే అంది. లైబ్రరీలు ఎదురుతిరిగాయి. 2020 మార్చిలో ఆ నిబంధన ఎత్తేశారు.

కొన్న పుస్తకం కూడా మాయమైంది

2009 జులైలో కొందరు కిండిల్ పాఠకులకు తాము కొన్న పుస్తకాలు కనిపించకుండా పోయాయి. అమ్మినవాడికి అమ్మే హక్కు లేదని తెలిసి అమెజాన్ వాటిని దూరం నుంచే తీసేసి డబ్బు వాపసు ఇచ్చింది. ఆ పుస్తకాల్లో ఒకటి జార్జ్ ఆర్వెల్ రాసిన ‘1984’. సర్కారు కాగితాలను చెరిపేసి చరిత్రను మార్చే రాజ్యం గురించిన నవల అది. అప్పటి అమెజాన్ అధిపతి జెఫ్ బెజోస్ బహిరంగంగా క్షమాపణ చెప్పారు. కిండిల్ పుస్తకాలను కంప్యూటర్లోకి దించుకుని తీగతో ఎక్కించే వీలును కూడా అమెజాన్ 2025 ఫిబ్రవరిలో తీసేసింది.

ఈపబ్ ఒదుగుతుంది, పీడీఎఫ్ ఒదగదు

ఈపబ్ అనే ఈ-పుస్తక ఫైలులో అక్షరం పెంచితే వాక్యాలు తెరకు తగ్గట్టు సర్దుకుంటాయి. పీడీఎఫ్ అచ్చు పేజీకి ఫొటో లాంటిది, పెంచితే పేజీ పక్కలకు పోతుంది. మనకు నెట్‌లో దొరికే పాత తెలుగు పుస్తకాల్లో ఎక్కువ స్కాను పీడీఎఫ్‌లే. ఆరంగుళాల తెరలో వాటి అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి. అలాంటివే మీ చదువైతే పదంగుళాల తెర తీసుకోండి. చిన్న తెరే ఉంటే అంచులు కత్తిరించి, పరికరాన్ని అడ్డంగా పట్టుకుని చూడండి. కే2పీడీఎఫ్‌ఆప్ట్ అనే ఉచిత ప్రోగ్రాం స్కాను పేజీలోని మాటలను బొమ్మలుగానే విడదీసి చిన్న తెరకు పేరుస్తుంది. బొమ్మలతోనే పని కాబట్టి భాష ఏదైనా దానికి అడ్డం కాదు.

తెలుగు పరీక్ష పెట్టకుండా కొనకండి

2016 డిసెంబరులో అమెజాన్ కిండిల్‌లోకి అయిదు భారతీయ భాషల పుస్తకాలను తెచ్చింది: హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. తెలుగుకు చోటు దక్కలేదు. తెలుగు చూపించడానికి ఫాంటు ఒక్కటే చాలదు, అక్షరానికి ఒత్తును సరిగ్గా తగిలించే సాఫ్ట్‌వేర్ కూడా కావాలి. కొనేముందు ‘స్త్రీ, రాష్ట్రం, జ్ఞానం, లక్ష్మి, కర్త’ అని ఒక ఈపబ్‌లో రాసి ఆ పరికరంలో తెరిచి చూడండి. ఒత్తులు విడిపోయి పక్కన పడినా, గళ్ళు కనిపించినా అది మీకు పనికిరాదు. ఫాంటు ఒక్కటే నచ్చకపోతే ఇబ్బంది లేదు. కిండిల్, కోబో రెండింటిలోనూ ఫాంట్ల ఫోల్డరులో మండలి వంటి ఉచిత ఫాంటు వేసుకోవచ్చు. ఆండ్రాయిడ్‌తో నడిచే బూక్స్ వంటి ఈ-రీడర్లలో ఫోనులోలాగే తెలుగు చక్కగా వస్తుంది, లిబ్బీ యాప్ కూడా నేరుగా నడుస్తుంది. వాటికి బ్యాటరీ మాత్రం త్వరగా దిగుతుంది.

రంగుల తెరకు ఒక మెలిక

2024లో కోబో, కిండిల్ రెండూ రంగుల ఈ-రీడర్లు తెచ్చాయి. నలుపు తెలుపు అక్షరాలు అంగుళానికి 300 చుక్కలతో వస్తే, రంగు బొమ్మలు 150 చుక్కలతోనే వస్తాయి. పైన రంగు పొర ఉండటం వల్ల పేజీ తెలుపు కూడా కాస్త మసకబారుతుంది. పిల్లల బొమ్మల పుస్తకాలకు బాగుంటాయి. నవలలు, కథలే చదివేవాళ్ళు నలుపు తెలుపుతో సరిపెట్టుకుంటే డబ్బు మిగులుతుంది, అక్షరమూ స్ఫుటంగా ఉంటుంది.

క్యూ లేని అరలు మనకూ ఉన్నాయి

మన దేశంలో రచయిత చనిపోయాక 60 ఏళ్ళకు పుస్తకం మీద హక్కులు తీరిపోతాయి. 1915లో కన్నుమూసిన గురజాడ రచనలు ఎప్పుడో అందరివయ్యాయి. 1958లో కన్నుమూసిన ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ 2019 నుంచి స్వేచ్ఛ పొందింది. 1979లో పోయిన చలం పుస్తకాలకు 2039 చివరిదాకా హక్కులుంటాయి. హక్కులు తీరిన పుస్తకాలను తెలుగు వికీసోర్స్‌లో స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళు స్కాను పేజీతో సరిచూసి పెడుతున్నారు, అక్కడినుంచి ఈపబ్‌గా దించుకోవచ్చు. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో పిల్లల కథలు తెలుగులో ఉచితం. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే జాతీయ డిజిటల్ లైబ్రరీలో తెలుగులోనూ వెతుక్కోవచ్చు. కిండిల్‌కు మెయిల్ చేసే ఫైళ్ళలో 2022 నుంచి ఈపబ్ కూడా చెల్లుతుంది.

రూపాయికి 8 పైసలు మనవే

మనం కట్టే ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను ఉంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం అది జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి. 1935లో గ్రంథాలయోద్యమకారుడు పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువల్లో పడవ మీద పుస్తకాలు పెట్టుకుని పాఠకుడి ఊరికే తీసుకెళ్ళారు. అలాంటి నేల మీద ఇంట్లో కూర్చుని తెలుగు ఈ-పుస్తకం అరువు తెచ్చుకునే రోజు రాకపోవడానికి సాంకేతిక అడ్డంకి ఏదీ లేదు. అడిగేవాళ్ళు కావాలి. ఈసారి ఇంటిపన్ను కట్టినప్పుడు రసీదులో ఆ పద్దు చూడండి. మీ జిల్లా గ్రంథాలయానికి వెళ్ళి, తెలుగు ఈ-పుస్తకాల అరువు ఎప్పుడు మొదలుపెడతారని ఒక దరఖాస్తు రాసివ్వండి.