బిడ్డల మనోవర్తి - మార్పునకు మార్గము



భార్యాభర్తల బంధము న్యాయస్థానమున తెగవచ్చును. తల్లిదండ్రులకును బిడ్డకును గల బంధము తెగునది కాదు. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టము బిడ్డల పోషణభారమును తండ్రిపైననే గాక తల్లిపైనను ఉంచినది. అట్లు పోషణకై న్యాయాధికారి నెలకింత యని విధించిన సొమ్మే మనోవర్తి. విధించిన పిమ్మట ఇచ్చువారి స్థితి మారినచో కర్తవ్యమేమి యనునది నేటి విషయము.

మనోవర్తి యుత్తరువు శిలాశాసనము కాదు. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడునందే 489వ సెక్షను దానిని మార్చుటకు అవకాశ మొసగినది. 1973 నాటి కోడున అది 127వ సెక్షనయ్యెను. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో అది 146వ సెక్షను. సంఖ్యలు మారినను సూత్రమొక్కటియే: ఇచ్చువారి స్థితిగాని పుచ్చుకొనువారి స్థితిగాని మారినదని రుజువైనచో మేజిస్ట్రేటు ఆ మొత్తమును తగ్గింపను వచ్చును, పెంపను వచ్చును.

ఒక దృష్టాంతము చెప్పెదను. ఒక తండ్రి బిడ్డకు నెలకు 8,000 రూపాయలు ఇయ్యవలసియున్నాడనుకొందము. అతడు పనిచేయు కర్మాగారము మూతపడినది. ఆదాయము పోయినది గదా యని అతడు ఊరకుండెను. ఆరు నెలలలో 48,000 రూపాయల బకాయి పేరుకొనును. స్థితి మారినంతమాత్రమున ఉత్తరువు తనంత తాను మారదు. తగిన కారణము చూపక చెల్లింపని ప్రతి నెల బకాయికిని ఒక నెలవరకు కారాగారవాసము విధించు అధికారము మేజిస్ట్రేటునకు కలదు. కావున పని పోయిన వెంటనే తగ్గింపునకై అర్జీ పెట్టుకొనవలెను. అంతవరకు తనకు సాధ్యమైనంత చెల్లించుచుండుట మేలు.

అయితే మనోవర్తి తప్పించుకొనుటకై బుద్ధిపూర్వకముగ ఉద్యోగము మానిన వానిని న్యాయస్థానము కనికరింపదు. చేతనున్న జీతమునే గాక ఆర్జింపగల శక్తిని గూడ అది విచారించును.

ఈ మార్గము రెండువైపులకును తెరచియున్నది. ఒకటవ తరగతినాడు విధించిన సొమ్ము పదవ తరగతినాటికి చాలదు. బిడ్డకు దీర్ఘవ్యాధి రావచ్చును. ఇచ్చువాని జీతము పెరుగవచ్చును. అప్పుడు హెచ్చింపు కోరుట బిడ్డ పక్షమున న్యాయమే.

కోరిన వారు రుజువు చూపవలెను: జీతపుచీటి, తొలగింపు పత్రము, వైద్యుని పత్రము, బడి రశీదులు. మనోవర్తి వ్యాజ్యములలో ఉభయులును తమ ఆస్తులను, అప్పులను ప్రమాణపత్రమున వెల్లడింపవలెనని 2020 నవంబరు 4న సుప్రీంకోర్టు నిర్దేశించినది. వకీలును పెట్టుకొనలేని స్త్రీలకును బిడ్డలకును 1987 నాటి చట్టము ఉచిత న్యాయసహాయమును కల్పించినది. అందులకై జిల్లా న్యాయసేవాధికార సంస్థ నాశ్రయింపవచ్చును.

రుసుము కట్టలేక తరగతి వెలుపల నిలిచిన బాలురను ఉపాధ్యాయునిగా నేనెరుగుదును. పెద్దల తగవు వారికి తెలియదు. వ్యాజ్యమునకు వాయిదా కలదు గాని బిడ్డ యాకలికి వాయిదా లేదు. స్థితి మారినచో మౌనము వహింపక న్యాయస్థానమునకు విన్నవించుకొనుడు.