మీకు తెలుసా? నెలసరి ఆగాక గుండెకు యోగా అండ

• మన దేశంలో ఆడవాళ్లకు నెలసరి సగటున 46-47 ఏళ్లకే ఆగిపోతుంది. అమెరికాలో ఇది 51 ఏళ్ల ప్రాంతంలో జరుగుతుంది.

• ఈస్ట్రోజెన్ హార్మోన్ రక్తనాళాలు గట్టిపడకుండా కాపాడుతుంది. నెలసరి ఆగాక అది తగ్గి చెడు కొలెస్ట్రాల్, పొట్ట చుట్టూ కొవ్వు పెరుగుతాయి. బీపీ కూడా పెరగొచ్చు. గుండెజబ్బు ముప్పు ఎక్కువయ్యేది ఈ దశలోనే.

• నిమిషానికి ఆరుసార్ల చొప్పున నెమ్మదిగా ఊపిరి తీసి వదిలితే గుండె వేగాన్ని తగ్గించే వేగస్ నాడి చురుకవుతుంది. గుండె వేగం తగ్గి, బీపీ కాస్త దిగుతుంది. క్రమం తప్పకుండా యోగా చేస్తే ఒత్తిడి తగ్గి, నిద్ర మెరుగుపడుతుంది.

• తేలికపాటి ఆసనాలు మాత్రమే చాలవు. వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక లాంటి వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

• బీపీ అదుపులో లేనివారు శీర్షాసనం వేయకూడదు, ఊపిరి బిగబట్టకూడదు. ఎముకలు గుల్లబారినవారు నడుము బాగా ముందుకు వంచే ఆసనాలు మానాలి. యోగా చేస్తున్నామని మందులు ఆపొద్దు.

• ఆడవాళ్లలో గుండెపోటు ఛాతీ నొప్పితోనే కాదు, దవడ నొప్పి, వెన్నునొప్పి, ఆయాసం, వికారం, విపరీతమైన నీరసంతోనూ రావొచ్చు. గ్యాసేలే అని సరిపెట్టుకోకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.