నోరు ఎందుకు మెదలదు? ఎలా చెప్పాలి?

మడకశిరలో నీళ్ల ట్యాంకర్ వచ్చిందనుకోండి. వరుసలో మీ బిందె ముందు ఎవరో తమది పెట్టేశారు.

తల దించుకుని "పోనీలే" అని గొణిగితే అది తగ్గిపోవడం. గొడవంటే భయం, పెద్దవాళ్లకు ఎదురు చెప్పకూడదన్న అలవాటు నోరు కట్టేస్తాయి. కానీ మింగిన కోపం ఎక్కడికీ పోదు; ఇంటికొచ్చాక తమ్ముడి మీద పడుతుంది. అలా కాక వాళ్ల బిందెను కాలితో తోసేస్తే అది దబాయింపు.

మరి కళ్లలోకి చూసి, గొంతు పెంచకుండా, "అక్కా, ఈ వంతు నాది. నాది నిండినాక నువ్వు పట్టుకో" అంటే? తిట్టు లేదు, బతిమాలడమూ లేదు. జరిగింది, కావలసింది, అంతే. అమెరికా మనస్తత్వవేత్తలు రాబర్ట్ ఆల్బర్టి, మైకేల్ ఎమ్మన్స్ 1970లో ఇలా సూటిగా, మర్యాదగా చెప్పడం మీదే పుస్తకం రాశారు. ఇది సాధనతో వచ్చేదే. మొదటిసారి గొంతు వణుకుతుంది. నాకూ వణికింది.