సెలవులకు ఇంటిల్లిపాది యాత్ర

సంక్రాంతి సెలవులు సమీపిస్తున్నవి. హైదరాబాదు, బెంగళూరు నగరాలలో ఉద్యోగాలు చేసికొంటున్న పిల్లలు మన నందిగామకు, జగ్గయ్యపేటకు వచ్చే రోజులివి. వచ్చినవారు ఇంట రెండు రోజులుండి, మూడవ రోజున ఏదైనా రిసార్టుకు పోదామనడం ఇటీవలి ఆచారం. అందులో దోషమున్నదని నేననను. కాని ఆ ఖర్చు భరించలేక, పిల్లల మాట కాదనలేక లోలోపల నలిగిపోయే తల్లిదండ్రులను నేనెరుగుదును. గత మాసం ఆలయ మండపంలో ఒక గృహస్థు నన్నడిగాడు: “శాస్త్రిగారూ, అంత డబ్బు పోయకుండా పిల్లలతో మూడు రోజులు సంతోషంగా గడిపే మార్గమేదైనా ఉన్నదా?” ఉన్నది. నేను చేసి చూచినది కనుక వ్రాస్తున్నాను.

ముందుగా విశ్రాంతి అనే మాటను విప్పి చూద్దాం. నలభై యేళ్ళు వ్యాకరణం చెప్పినవాడి అలవాటు, పాఠకులు సహించాలి. ‘శ్రమ్’ అనే ధాతువుకు ‘వి’ అనే ఉపసర్గ ముందు చేరి, ‘క్తిన్’ ప్రత్యయం వెనుక చేరితే విశ్రాంతి అయినది. అంటే శ్రమ ఆ మాట కడుపులోనే ఉన్నది. శ్రమించినవాడికి ఆ శ్రమ తీరడమే విశ్రాంతి. ఏమీ చేయకుండా కూర్చున్నవాడికి దక్కేదానిని సంస్కృతంలో ఆలస్యమంటారు. తెలుగులో ఆ మాటకు జాగు అని అర్థం స్థిరపడినది గాని, అసలు అర్థం సోమరితనం. ఏడాదంతా కంప్యూటరు ముందు కూర్చునేవారికి శ్రమ లేదా అంటే, ఉన్నది. అది మనస్సుకు. మనస్సు అలసినప్పుడు దేహానికి పని చెప్పాలి గాని, దేహాన్ని కూడా పడుకోబెడితే అలసట తీరదు.

ఇది నాకు ఒక రిసార్టులోనే బోధపడినది. దాని పేరెందుకు? మూడేళ్ళ క్రితం మా అబ్బాయి ప్రేమతోనే మా దంపతులను తీసుకొనిపోయాడు. ఆరుగురం, రెండు రాత్రులు, నలభై రెండు వేల రూపాయలు. చల్లని గది, మెత్తని పరుపు, పిలిస్తే పలికే మనుషులు. మొదటి పూట అందరం ఆ వైభవాన్ని మెచ్చుకొన్నాం. రెండవ నాటికి మనుమడు సెల్‌ఫోనులో, మనుమరాలు టీవీలో, అబ్బాయి తన ఆఫీసు వాళ్ళతో మాటలలో మునిగిపోయారు. నేను సంధ్యావందనానికి చోటు వెతుక్కొంటూ ఈత కొలను చుట్టూ తిరిగాను. ఒకరితో ఒకరికి పని లేకపోతే మాట కూడా ఉండదని అప్పుడు చూశాను. ఉప్పు అందించమని అడిగే అవసరం కూడా అక్కడ లేదు, అది ముందే బల్ల మీద ఉన్నది.

మరుసటి సంవత్సరం సంక్రాంతికి ముందు ఫోనులో చెప్పాను, ఈసారి మన సీమలోనే మూడు రోజులు యాత్ర చేద్దామని. అబ్బాయి సరేనన్నాడు. కోడలు మాత్రం నిర్మొహమాటంగా అడిగింది: “మామయ్యగారూ, రిసార్టులో నాకు వంట తప్పింది. మీరు చెప్పే యాత్రలో వంట ఎవరు చేస్తారండీ?”

ఆ ప్రశ్నకు నా వద్ద వెంటనే సమాధానం లేకపోయినది. మన వనభోజనాల వైభవమంతా తలచుకొంటాం గాని, ఉసిరి చెట్టు కింద మగవారు పేకాడుతూ కూర్చుంటే గుండిగ దగ్గర చెమటలు కక్కినవారెవరు? యాత్రలోనూ స్త్రీకి వంటిల్లు తప్పకపోతే అది ఆమెకు యాత్ర కాదు. రెండు రోజులు ఆలోచించి మళ్ళీ నేనే ఫోను చేశాను. “అమ్మా, మంచి వంటను మనవాళ్ళు నలభీమ పాకమన్నారు. ఆ ఇద్దరూ మగవాళ్ళే. వంట నేనూ, మీ ఆయనా చేస్తాం,” అన్నాను. నవ్వి ఒప్పుకొన్నది. ఈ ఒక్క నియమం పెట్టుకోకుండా ఎవరూ ఇటువంటి యాత్ర తలపెట్టవద్దని నా మనవి.

మొదటి రోజు జగ్గయ్యపేట. దీని పాత పేరు బేతవోలు. రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు తండ్రి జగ్గయ్యగారి పేర దీనిని పేటగా నిలిపారు. ఊరి పక్కన ధనబోడు అనే గుట్ట మీద బౌద్ధ స్తూపం ఉన్నది. 1882లో జేమ్స్ బర్జెస్ అనే పండితుడు దానిని తవ్వించాడు. అక్కడ దొరికిన మాంధాత చక్రవర్తి శిల్పం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉన్నది. గుట్ట మీద మిగిలినది గుండ్రని కట్టడం, కొన్ని రాతి పలకలు. “ఇంతేనా తాతగారూ?” అన్నాడు మనుమడు. ఇంతే. అందువల్లనే అక్కడ పిల్లలకు పని కల్పించాలి. స్తూపం చుట్టూ అడుగులతో కొలవమన్నాను. అన్నకు వచ్చిన లెక్క, చెల్లెలికి వచ్చిన లెక్క కలియలేదు. ఎందుకు కలియలేదో వారే తేల్చుకోవడానికి అరగంట పట్టినది.

తరువాత అక్కడి శాసనం కథ చెప్పాను. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని పాలనలో ఇరవయ్యవ సంవత్సరం, అనగా సుమారు 1700 ఏళ్ళ క్రితం, సిద్ధార్థుడనే శిల్పి ఈ మహాచైత్యం తూర్పు వాకిట అయిదు ఆయక స్తంభాలు నిలిపాడు. భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మి. రాజుల శాసనాలలో వంశావళి ఉంటుంది. ఈ శిల్పి మాత్రం తనతో ఎవరెవరున్నారో చెక్కించుకొన్నాడు: తల్లి నాగిలని, భార్య, కొడుకు, కూతురు, తమ్ముడు, తమ్ముని భార్య, వారి పిల్లలు. ఇంటిల్లిపాది పేర్లూ రాతి మీద ఉన్నవి. మనుమరాలు వ్రేళ్ళు మడిచి మా ఇంటివాళ్ళను లెక్కపెట్టుకొన్నది. వాళ్ళలో తాతగారున్నారా అని అడిగింది. ఆ శిల్పి తండ్రి పేరు కూడా శాసనంలో ఉన్నదని చెప్పి ఊరుకొన్నాను. ఆ సాయంత్రం కాగితం మీద బ్రాహ్మి అక్షరాలలో వారి పేర్లు వ్రాయించాను. స్తూపం రాళ్ళ మీద మాత్రం ఎవరినీ గీత గీయనీయకండి. ఇప్పటికే గీసిన ప్రేమికుల పేర్లు చాలును.

రెండవ రోజు వేదాద్రి, ముక్త్యాల. రెండూ కృష్ణ ఒడ్డునే. సోమకాసురుడు అపహరించిన వేదాలను శ్రీమన్నారాయణుడు మత్స్యావతారుడై ఉద్ధరించగా, ఆ వేదాలు ఇక్కడ కొండగా వెలసినవని స్థలపురాణం. జ్వాలా, సాలగ్రామ, యోగానంద, లక్ష్మీ, వీర నారసింహులుగా స్వామి అయిదు రూపాలతో ఉన్నాడు. వీరిలో సాలగ్రామ నరసింహస్వామి నదిలో, జ్వాలా నరసింహస్వామి కొండ మీద. అయిదుగురినీ దర్శించాలంటే దిగాలి, ఎక్కాలి, నడవాలి. పిల్లలకు ఇదొక ఆట అయినది. ‘తీర్థం’ అన్న మాటకు దాటడమనే అర్థమున్న ‘తౄ’ ధాతువు మూలం. నీటిలో దిగి దాటే రేవే తీర్థం. దిగకుండా ఒడ్డున ఫొటో తీసికొని వచ్చేస్తే అది తీర్థం కాదని మా అబ్బాయిని కూడా దింపాను.

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక వివరంగా చెప్పాలి. వేదాద్రికి ఎగువన పులిచింతల ప్రాజెక్టు ఉన్నది. అక్కడ నీరు వదిలినప్పుడు, ఇక్కడ ఎండగానే ఉన్నా, వాన లేకున్నా, నది పెరుగుతుంది. దిగే ముందు ఆలయ సిబ్బందిని గాని పడవవారిని గాని అడగండి. ఇసుక తవ్విన చోట్ల మోకాటి లోతు నీటి పక్కనే నిలువెత్తు గోతులుంటవి. కట్టిన ఘాట్ల వద్ద, మెట్ల మీదనే స్నానం చేయించండి. పిల్లవాడికి ఈత వచ్చునన్న ధైర్యం నదికి చాలదు. కొలనులో నేర్చిన ఈత వేరు, ప్రవాహం వేరు. స్నానమాడే ప్రతి పిల్లకూ ఒక పెద్దమనిషి చేయి అందేంత దూరంలో ఉండాలి, ఆ పెద్దమనిషి చేతిలో ఫోను ఉండరాదు.

స్నానం చేసి మెట్ల మీద తల తుడుచుకొంటూ అబ్బాయి అన్నాడు: “నాన్నగారూ, మీరు నన్ను ఇక్కడికి తీసుకురావడం ఇదే మొదటిసారి.” కాదని అనబోయి ఆగిపోయాను. ఉత్సవాలకు, పారాయణలకు, సభలకు ఈ క్షేత్రానికి నేను ఎన్నిమార్లు వచ్చానో లెక్క లేదు. ప్రతిసారీ పండితుడిగా వచ్చాను, సంభావన తీసికొని చివరి బస్సుకు పోయాను. వాడి చిన్నతనంలో వేసవి సెలవులన్నీ ఇతరుల పిల్లలకు శబ్దమంజరి చెప్పడంతో గడిచినవి. వాడు నిష్ఠూరంగా అనలేదు. తువ్వాలు పిండి నా చేతికిచ్చాడు. వాడికిప్పుడు నలభై అయిదు. ధనం లేక తీసికొనిపోలేదని ఇంతకాలం నాకు నేను చెప్పుకొన్నాను. నందిగామ నుండి వేదాద్రికి ఆ రోజులలో బస్సు చార్జీ ఎంతో నాకు తెలియనిది కాదు.

ఆ మధ్యాహ్నమే మా పాకం. దేవస్థానం వారిని అడిగి, వారు చూపిన చోట మూడు రాళ్ళు పెట్టి పొయ్యి వెలిగించాం. ఎక్కడపడితే అక్కడ నిప్పు పెట్టరాదు, గుర్తుంచుకోవాలి. పుల్లలు ఏరడం మనుమడి పని. మా ఇల్లాలు కోడలికి, మనుమరాలికి మోదుగాకులతో విస్తరి కుట్టడం నేర్పినది. చీపురుపుల్ల చీల్చి, ఆకు మీద ఆకు వేసి, ఈనె చిట్లకుండా గుచ్చడం చూడడానికి సులభం. మొదటి నాలుగు విస్తళ్ళలో పప్పు నిలువలేదు. పులిహోరలో అబ్బాయి ఒకసారి, నేనొకసారి ఉప్పు వేశాం. ఎవరూ వంక పెట్టకుండా తిన్నారు. మనుమడు మాత్రం నలుడికీ భీముడికీ ఒకరితో ఒకరికి మాటలు లేవా అని అడిగాడు.

మూడవ రోజు మునేటి ఒడ్డున పెనుగంచిప్రోలు. మన మెట్టలో తిరుపతమ్మ తల్లిని ఎరుగని ఇల్లు లేదు. మా చిన్నతనంలో బండ్లు కట్టుకొని, బియ్యం, కుండలు, గడ్డి వేసికొని పోయేవారం. రెండేళ్ళకొకసారి అమ్మవారి విగ్రహాలను రంగులు వేయడానికి జగ్గయ్యపేటకు ఊరేగింపుగా తెచ్చే ఉత్సవం ఇప్పటికీ జరుగుతున్నది. అక్కడ కోడలే ముందుకు వచ్చి పొంగలి తాను చేస్తానన్నది. ఇది మొక్కు, దీనికి నియమం వర్తించదన్నది. నేను మారు పలుకలేదు.

నందిగామ వైపు వారు కావాలంటే మూడవ రోజును కొండపల్లికి మార్చుకోవచ్చు. ఉదయం కోట ఎక్కి, మధ్యాహ్నం బొమ్మల కాలనీలో తెల్లపొణికి కర్రను చెక్కడం, రంపపు పొట్టులో చింతగింజల జిగురు కలిపిన మక్కుతో అతుకులు పూడ్చడం చూడవచ్చు. బొమ్మ కొనేముందు అది ఎన్ని చేతులు మారినదో పిల్లలచేత లెక్కపెట్టించండి. బేరమాడే బుద్ధి పోతుంది.

ఇక లెక్క. నా డైరీ ప్రకారం ఆరుగురికి మూడు రోజులకు ఆటో బాడుగలు, బస్సు చార్జీలు, రెండు రాత్రుల గదులు, సరుకులు, హుండీ, పిల్లల చెరుకురసం సహా తొమ్మిది వేలకు లోపే అయినది. గదులకు ముందుగా దేవస్థానం కార్యాలయంలో విచారించుకోవాలి. మాఘ పౌర్ణమి తిరునాళ్ళ రోజులలో పెనుగంచిప్రోలులో చోటు దొరకదు, పసిపిల్లలతో ఆ రద్దీలోకి పోవద్దు. కార్తీకం నుండి మాఘం వరకు మంచి కాలం. వేసవి సెలవులలో మాత్రం మన మెట్ట ఎండకు ఈ ప్రయాణం తగదు. ముసలివారుంటే రోజుకు ఒక్క కొండ చాలు. నా మోకాళ్ళు ఆ మాట రెండవ రోజు రాత్రే చెప్పినవి.

ఇంత చిన్న ప్రయాణాన్ని యాత్ర అనవచ్చునా అని ఒక మిత్రుడు ఆక్షేపించాడు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్టణంలో బయలుదేరి, కాశీ సేవించి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. అంతటి యాత్ర మనకు సాధ్యం కాదు, నిజమే. కాని ‘యా’ ధాతువుకు పోవడమనే అర్థం, ఎంత దూరమన్నది ధాతువులో లేదు.

ఈ సంక్రాంతికి కొండపల్లి పోదామని మొన్న మనుమడు ఫోను చేశాడు. గంజి వార్చే పని తనకు కావాలట. వాళ్ళమ్మ వద్దన్నదని నాతో చెప్పించమంటున్నాడు.