పాతబడిన వైను – రాలిన ఇప్పపువ్వు

బియ్యం పాతవైతే అన్నం పొడిపొడిగా వస్తుంది. చింతపండు పాతదైతే పథ్యానికి పనికివస్తుంది. ఆసవాలూ అరిష్టాలూ పాతబడినకొద్దీ గుణవంతాలవుతాయని శార్ఙ్గధరుడు యేనాడో చెప్పాడు. కనుక ఫ్రెంచివారు యిరవై యేళ్ళనాటి ఎర్ర వైను సీసాను నేలమాళిగలోనుంచి పసిబిడ్డను యెత్తుకువచ్చినట్టు తెస్తారంటే మనకు వింతగా తోచనక్కరలేదు.

ద్రాక్ష పైకి యెంత నల్లగా వున్నా, లోపలి రసానికి దాదాపు రంగే వుండదు. తొక్కలతో సహా పులియబెడితే తొక్కలు రంగునూ, వాటితోపాటు గింజలు వగరునూ యిస్తాయి. కరక్కాయలోనూ తుమ్మబెరడులోనూ వుండి తోళ్ళను పదునుచేసే వగరు జాతిదే యిదీ. కొత్త వైనుకు నాలుక ముడుచుకుపోతుంది. యేళ్ళు గడిచేకొద్దీ వగరూ రంగూ ఒకదానినొకటి పట్టుకొని, బరువెక్కి, సీసా అడుగున మడ్డిగా దిగుతాయి. ఊదారంగు యిటుకరంగుకు తిరుగుతుంది. పండు వాసన తగ్గి ఎండుటాకు, తోలు, పొగాకు వాసనలు పైకి వస్తాయి. ఫ్రాన్సులో బోర్డో, ఇటలీలో బరోలో, స్పెయినులో రియోహా యిందుకు పేరుపడ్డాయి. రియోహా ఎర్ర వైనుకు 'గ్రాన్ రెసెర్వా' అనే చీటీ అంటించాలంటే పీపాలోనూ సీసాలోనూ కలిపి అయిదేళ్ళు ఆగాలని నిబంధన.

పాతదల్లా మంచిదే అనుకోకండి. అమ్ముడయ్యే వైన్లలో చాలాభాగం రెండు మూడేళ్ళలో తాగవలసినవే. క్రీ.పూ. 121నాటి రోమను వైను ఒకటి, దాదాపు రెండువందల యేళ్ళ తరువాత, చేదెక్కి ముతక తేనెలా చిక్కబడిపోయిందని ప్లినీ వ్రాశాడు!

వైను నిలవకు 12, 13 డిగ్రీల చల్లని చీకటి కావాలి. ఆదిలాబాదులోనో, మే నెలలో ఎండ 45 డిగ్రీలు ముట్టుతుంది. అక్కడ సీసా దాచడమంటే పొయ్యిపక్కన పెట్టడమే. ఆ అడవిలో నిలవ వుండేది మద్యం కాదు, పువ్వు.

ఎండలు ముదిరేవేళ ఇప్పచెట్టు ఆకు రాల్చి పూస్తుంది. కండగల ఆ లేత పసుపు పువ్వు తెల్లవారుజామున టపటపా రాలుతుంది. గోండు, కొలాము స్త్రీలూ పిల్లలూ బుట్టలతో చెట్టుకిందికి చేరతారు. ఎండబెడితే అది కిస్‌మిస్‌లా ముడుచుకుంటుంది. బరువులో సుమారు సగం చక్కెరే. పంటలు పోయిన యేడు అదే ఆహారం. నీళ్ళలో నానవేసి, కొద్దిరోజులు పులియనిచ్చి, కాచి దించితే ఇప్పసారా. దానిని యేళ్ళ తరబడి దాచేవారెవరూ లేరు. మొదటి చుక్కలు దేవతలకూ పితరులకూ. పెళ్ళికీ చావుకూ అది వుండవలసిందే. మార్లవాయి గూడెంలో కాపురముండి, గోండుల జీవితాన్ని 1948లో గ్రంథంగా వెలువరించిన హైమెండార్ఫ్ ఈ ఆచారాలను శ్రద్ధగా నమోదు చేశాడు.

ఈ వ్యాసకర్త తాగుడుకు వకాల్తా పుచ్చుకోలేదు సుమండీ! సారా సంసారాలను యెట్లా కూల్చిందో 1992లో నెల్లూరుజిల్లా దూబగుంట స్త్రీలు లోకానికి చాటారు; మరుసటి యేడే రాష్ట్రంలో సారా నిషేధమైంది. అయినా ఒకటి గమనించండి. బోర్డో తోటలకు 1855లోనే అంతస్తులు కట్టి గౌరవించారు. ఇప్పపువ్వుకు దక్కింది ఆబ్కారీ జవాను. బొంబాయి రాజధానిలో 1892లో ఆ పువ్వు యేరడాన్నే కట్టడిచేస్తూ చట్టం తెచ్చారు. నిజాం ఖజానాకు ఆబ్కారీ పెద్ద రాబడి. ఇన్నాళ్ళకు, 2021లో, మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఇప్పసారాను వారసత్వ మద్యంగా అమ్మిస్తామని ప్రకటించింది.

ఆదిలాబాదు స్త్రీలు వేరే దారి తొక్కారు. ఉట్నూరులో వారు సంఘంగా చేరి, ఎండుపువ్వును వేయించి, బెల్లం, నువ్వులు, పల్లీలు కలిపి లడ్డూలు కడుతున్నారు. పిల్లలు తినవచ్చు, బాలింతలు తినవచ్చు.

చెట్టు మాటేమిటంటారా? ఇప్పమొక్క తొలిపూత పూయడానికి సుమారు పదేళ్ళు పడుతుంది. పువ్వు కనబడాలని చెట్టుకింద ఆకులకు నిప్పుపెడితే మొలకలూ కాలిపోతాయి, ఒక్కొక్కప్పుడు అడవీ అంటుకుంటుంది. కొన్నిచోట్ల యిప్పుడు నిప్పు మాని, కొమ్మలకింద వలలు కట్టి పువ్వు పడుతున్నారు.